నేలకింది వంటిల్లు

పోయినవారం మీరు నన్ను జస్టీనా ఇంటి సెల్లార్‌లో, గ్యాసు పొయ్యి మీద చెయ్యి ఆనించి నిలబడి ఉండగా వదిలి వెళ్ళారు. పొయ్యి వెచ్చగా ఉంది. ఎవరూ కాపురం లేని ఇంట్లో, గ్యాసు పైపు మూసేశానని మా మరిది ఎమిల్ నాకు గట్టిగా చెప్పిన ఇంట్లో, పొయ్యి వెచ్చగా ఉంది. చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి కారులో కూర్చుని తలుపులు బిగించుకున్నాను. సగం జీవితం స్కూలు బస్సు నడిపినదాన్ని, దయ్యాలకి జడిసే రకం కాదు. ఆ ఇంట్లో వంట చేస్తున్నది మనిషేనని తెలుసు కాబట్టే నాకు భయం వేసింది.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. మా ఊరు ఫెర్న్‌వేల్‌లో పాత ఇల్లు చేతులు మారాలంటే ముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపాలన్నీ రాసుకుపోతాడు. ఆ మరమ్మతుల ఖర్చుకి ఒకటిన్నర రెట్లు సొమ్ము కొన్నవాళ్ళు ఎస్క్రోలో పెట్టాలి. అంటే మన చేతిలోనూ సిటీ చేతిలోనూ కాకుండా మూడోవాళ్ళ చేతిలో అన్నమాట. అన్నీ బాగుచేసి ఇన్‌స్పెక్టర్ చేత సంతకం పెట్టించుకునేదాకా ఆ సొమ్ము కదలదు, ఇల్లు అమ్ముడుపోదు. మా వీధిలో ఉండే జస్టీనా పోయాక ఆవిడ కొడుకులు ఇల్లు వదిలించుకుంటుంటే, బాగుచేసి లాభానికి అమ్ముదామని నేనూ ఎమిలూ కలిసి కొన్నాం.

ఎస్క్రోలో పెట్టడానికి నా దగ్గర ఏముంది? నేనుంటున్న ఇల్లే తాకట్టు పెట్టాను. అది మా అత్తగారు తన పెద్దకొడుకు లుడ్విగ్‌కి, అంటే పోయిన మా ఆయనకి, రాసిచ్చిన ఇల్లు. అప్పిచ్చిన పెద్దమనిషి లోరెయిన్ అనే ఊళ్ళో ఉంటాడట. ఆయన మొహం నేను చూడలేదు, కాయితాలు ఎమిలే పట్టుకొచ్చాడు. అప్పు తీర్చే గడువు ఈ శుక్రవారం. అప్పటికి సిటీ సంతకం పడకపోతే జస్టీనా ఇల్లు కొంటానన్న నర్సు, ఆవిడ మొగుడు తప్పుకుంటారు, నేనుంటున్న ఇల్లు లోరెయిన్ పెద్దమనిషి పాలవుతుంది.

సంతకం పెట్టాల్సిన ఇన్‌స్పెక్టర్ ప్రెంటిస్ వచ్చిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. మెట్ల రెయిలింగు వదులుగా ఉందన్నాడట. బిగించాను. చూరు నుంచి వాననీళ్ళు దిగే గొట్టం ఊడిందన్నాడట. ముందురోజే నా చేతులతో స్క్రూలు తిప్పి వచ్చిన గొట్టం అది. ఎవరో నా వెనకాలే తిరుగుతూ చేసిన పని చెడగొడుతున్నారని అప్పుడే అనుమానం మొదలైంది. ఆ ఎవరో సెల్లార్‌లో వంట కూడా చేసుకుంటున్నారని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు సరిగ్గా భోజనాల వేళకి వెళ్ళాను. కారు వెనకవీధిలో వదిలేసి నడిచి వచ్చాను. సరస్సు మీంచి గాలి చెవులు కోసేస్తోంది. ముందు వైపు తలుపుకి నేను వేయించిన కొత్త తాళం వేసినట్టే ఉంది. పక్కతలుపు మీద చెయ్యి వెయ్యగానే తెరుచుకుంది.

నా తెలివితక్కువతనం అక్కడే బయటపడింది. ఇల్లు కొన్నరోజునే ముందుతలుపు తాళం మార్చాను గానీ పక్కతలుపు సంగతి నాకు తట్టనే లేదు. మా వీధిలో పుట్టినవాళ్ళెవరికీ తట్టదు. ముందుతలుపు చర్చి ఫాదర్‌కీ ఇన్సూరెన్సు ఏజెంటుకీ. మిగతా మనుషులంతా పక్కతలుపు గుండానే వస్తారు, దాని తాళంచెవి ఇరుగుపొరుగు ఇళ్ళల్లో మేకులకి వేలాడుతూ ఉంటుంది. ఏ పైఊరివాళ్ళో కొని ఉంటే ముందు దానికే తాళం మార్చేవాళ్ళు.

మెట్లు దిగుతుంటే ఎముకల సూపు వాసన మొహానికి కొట్టింది. మా అమ్మ ఆదివారం సూపు వాసన. మావాళ్ళ ఇళ్ళల్లో వంటిళ్ళు రెండు. పైది చుట్టాలకి చూపించడానికి, సెల్లార్‌లోది వండుకోవడానికి. మా అమ్మ పైపొయ్యి మీద పాలు కూడా కాచేది కాదు, మరకలు పడతాయని. సిటీకి మాత్రం సెల్లార్‌లో గ్యాసు పొయ్యి పనికిరాదు. పొయ్యి కదిలించాలి, పైపుకి మూత బిగించాలి అని మొదటిరోజే రాశారు. ఎమిల్ లైసెన్సున్న ప్లంబరు. ఆ పని నేను చూసుకుంటాలే, నువ్వు చూడలేవు అన్నాడు. నిజంగానే చూడలేననుకున్నాను. జస్టీనా పొయ్యి పీకుతుంటే పక్కన నిలబడే ధైర్యం మా వీధిలో ఎవరికుంటుంది? పని అయిపోయిందన్నాక కూడా కిందికి దిగలేదు. నిన్న దిగాను కాబట్టి ఈ గొడవ.

పొయ్యి దగ్గర జస్టీనా అక్క ఆల్బినా నిలబడి గరిటె తిప్పుతోంది. ఎనభై దాటిన మనిషి, పక్కింట్లోనే ఉంటుంది. వీధిలో అందరం ఆవిణ్ణి టేటా అంటాం, అత్త వరస అన్నమాట. బల్ల దగ్గర, టై భుజం మీదికి విసిరేసుకుని, మెడలో తువ్వాలు దోపుకుని సూపు తాగుతున్నది ఇన్‌స్పెక్టర్ ప్రెంటిస్.

నాకు ఒళ్ళు మండిపోయింది. అదన్నమాట సంగతి అనుకున్నాను. ఇల్లు అమ్ముడుపోతే ఈయన భోజనం పోతుంది. అందుకే వచ్చినప్పుడల్లా కొత్త వంక.

“సిటీ వాళ్ళు మీకు జీతం ఇస్తున్నారా, సూపు పోస్తున్నారా ప్రెంటిస్ గారూ?” అన్నాను.

ఆయన తేలు కుట్టిన దొంగలా బిక్కచచ్చిపోతాడనుకున్నాను. నిమ్మకు నీరెత్తినట్టు ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఆల్బినాయే చిన్నబుచ్చుకుంది. తింటున్న మనిషిని అలా అనొచ్చా పిల్లా అని నన్ను కసిరి, నాకూ ఒక పళ్ళెం తియ్యబోయింది. వద్దన్నాను.

భోజనం వేళ తను ఇన్‌స్పెక్టర్ కాదన్నాడు ప్రెంటిస్. భార్య పోయినప్పటినుంచీ ఈ వీధికి పని పడితే ఆల్బినా చేతి సూపు తాగడం అలవాటట. ఇంతకుముందు జస్టీనా బతికుండగా కూడా ఈ బల్ల దగ్గరే తాగాడట, అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఉన్న పొయ్యి ఇదొక్కటే కాబట్టి. అదంతా విని నేను చల్లబడతాననుకున్నాడేమో.

“మరి సంతకం?” అన్నాను.

“పొయ్యి వెలుగుతుంటే తీసేశారని నేను రాయలేను మిసెస్ హోచెవార్. సూపు తాగుతాను గానీ అబద్ధం రాయను. వచ్చినప్పుడల్లా ఎమిల్‌కి అదే చెప్పాను. రెయిలింగూ గొట్టమూ చిల్లర సంగతులు. ఈ పైపు మూయించండి, ఆ నిమిషమే సంతకం పెడతానన్నాను.”

“ఎమిల్‌కి చెప్పారా? పొయ్యి గురించి?”

“పర్మిట్ ఆయన పేరు మీద ఉంది. ఆయనకి కాక ఎవరికి చెప్తాను?” అని చెంచా కింద పెట్టాడు. “ఈ పెద్దావిడ కోసం మీరే కొన్నాళ్ళు ఉంచమన్నారట కదా. మీకే నష్టమని తెలిసీ ఉంచుతున్నారు, ఎంత మంచి మనసో అనుకున్నాను.”

నేను ఉంచమన్నానా? ఇన్నాళ్ళూ ప్రెంటిస్ ఏమన్నాడో ఎమిల్ ఫోను చేసి చెప్పేవాడు. రెయిలింగు అన్నాడు, గొట్టం అన్నాడు, ఒక్కసారి కూడా పొయ్యి అనలేదు. నేను ప్రెంటిస్‌ని తిట్టుకుంటూ నిచ్చెన ఎక్కి దిగుతూ ఉన్నాను.

ఆల్బినా వైపు తిరిగాను. ఆవిడ పొయ్యి వైపు తిరిగి, అవసరం లేకపోయినా గరిటె తిప్పుతోంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని మా వీధి మొత్తానికి తెలుసు. అలాంటి మనిషి ఇంతసేపు నోరు మెదపలేదంటే ఏదో ఉంది.

“టేటా, ఆ గొట్టం ఎవరు ఊడదీశారు?”

“నిచ్చెనెక్కలేదమ్మా నేను” అంది వెంటనే, తప్పు ఆ ఎక్కడంలోనే ఉన్నట్టు. “కింద ముక్కే కదా. కాలితో తన్నాను. రెయిలింగు మాత్రం మాంసం కొట్టే సుత్తితో రెండు దెబ్బలు వేశాను. ఎమిల్ అలా చెయ్యమన్నాడు.”

ప్రెంటిస్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గాడో నవ్వాడో తెలీదు.

మెల్లగా అడిగితే మిగతాదీ చెప్పింది. నడీన్, అంటే నేను, పొయ్యి ఉంచుదామనే అంటోంది, సిటీ వాళ్ళే ఒప్పుకోవడం లేదని ఎమిల్ ఆవిడకి చెప్పాడు. ఏదో ఒకటి ఊడుతూ ఉంటే వాళ్ళు దాని చుట్టూ తిరుగుతూ ఉంటారు, శుక్రవారం దాటితే ఇక ఈ పొయ్యి జోలికి ఎవరూ రారు, అది నీదే టేటా అన్నాడు. చెల్లెలు పోయాక ఆవిడకి మిగిలింది ఈ పొయ్యి ఒక్కటే. పైగా నాక్కూడా అదే ఇష్టమని చెబితే ఇక నమ్మకుండా ఎలా ఉంటుంది?

ప్రెంటిస్ లేచి టై సర్దుకున్నాడు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఇటే వస్తాను, అప్పటికి పైపుకి మూత బిగించి ఉంటే ఇవాళే సంతకం అన్నాడు. నేను అప్పటికే రెంచి కోసం అరలు వెతుకుతున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీరు కాదు. ఇది గ్యాసు పని, పర్మిట్ ఉన్న ప్లంబరు చెయ్యాలి.”

“వేరే ప్లంబర్ని పిలుచుకుంటాను.”

“పర్మిట్ మీద పేరు మార్చాలంటే సిటీ హాలుకి అర్జీ పెట్టాలి. వచ్చేవారం గానీ తేలదు. శుక్రవారంలోగా కావాలంటే ఎమిలే బిగించాలి” అని, టోపీ పెట్టుకుని, ఆల్బినాకి వంగి దణ్ణంలాంటిది పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అప్పటికీ నేను ఎమిల్‌ని వెనకేసుకొచ్చాను, నా మనసులోనే. మెత్తటివాడు, చిన్నప్పటినుంచీ ఆల్బినా చేతి కూడు తిన్నవాడు, ఆవిడ పొయ్యి పీకడానికి చేతులు రాలేదేమో అనుకున్నాను. చెప్పలేక నాన్చాడు, నాన్చి నాన్చి అబద్ధాల్లో ఇరుక్కున్నాడు. లుడ్విగ్ ఉంటే తమ్ముణ్ణి నాలుగు కేకలేసి పని చేయించేవాడు. నేనూ అలాగే నిలదీస్తాను, సిగ్గుపడి బిగిస్తాడు. అలా సర్దిచెప్పుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

ఆల్బినా అవతలి బల్ల దగ్గరికి వెళ్ళి పని అందుకుంది. అప్పుడు చూశాను. బల్ల నిండా పల్చగా సాగదీసిన పిండి, దాని మీద అక్రోటు ముద్ద, పక్కన అప్పటికే చుట్టిపెట్టిన రొట్టెల వరసలు. మాలో అవి పెళ్ళికో ఈస్టరుకో గాని అన్ని చెయ్యరు.

“ఇన్ని ఎవరికి టేటా?”

ఆవిడ మూతి ముడుచుకుంది. “నువ్వే చెప్తావని చూశాను. చెప్పలేదు. నాకు కష్టంగానే ఉంది నడీన్, దాచను.”

“నేనేం చెప్పలేదు?”

“శనివారం ఎమిల్ వాళ్ళమ్మ ఇంట్లోకి, అదే నువ్వుంటున్న ఇంట్లోకి, వచ్చేస్తున్నాడటగా. నువ్వు టొలీడోలో మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నావటగా. అన్నేళ్ళు పక్కపక్కన బతికాం, పోయేముందు ఒక్కమాట చెప్పకూడదా? రొట్టెలు గృహప్రవేశానికి. ముందుగదికి ఆకుపచ్చ రంగు వేస్తే బాగుంటుందా అని నన్నే అడిగాడు వాడు.”

నేను కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి కూర్చున్నాను.

లోరెయిన్ పెద్దమనిషి. నేను మొహం చూడని మనిషి. ఫోను చేద్దామంటే ఆయనకి ఫోన్లు నచ్చవన్నాడు ఎమిల్. కలుద్దామంటే ఒంట్లో బాగాలేదన్నాడు. శుక్రవారం నా ఇల్లు ఆ పెద్దమనిషిదైతే శనివారం అందులోకి ఎమిల్ ఎలా వస్తాడు? ఆ మనిషంటూ ఉన్నాడో, పేరు మాత్రమే ఉండి వెనక ఎమిలే ఉన్నాడో నాకు రుజువేమీ లేదు. కానీ అత్తగారు ఇల్లు పెద్దకొడుక్కి రాసిన రోజున ఎమిల్ ఒక్క మాట అనకుండా టోపీ తీసుకుని బయటికి నడవడం నాకు గుర్తుంది. ఎంత మంచివాడో అనుకున్నాం అప్పుడు. నేను తాకట్టు కాయితం మీద సంతకం పెడుతుంటే కలం మూత తీసిచ్చింది కూడా అతనే.

ఆల్బినాకి అంతా చెప్పాను. నేనెక్కడికీ వెళ్ళడం లేదని, ఇల్లు తాకట్టులో ఉందని, శుక్రవారంలోగా సంతకం పడకపోతే వీధిన పడతానని. ఆవిడ పిండి చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి.

“అయితే నేను ఆ గొట్టం తన్నింది...” అని మధ్యలోనే ఆగింది.

“నీకు తెలీదు టేటా.”

“నిన్ను అడగాల్సింది. పక్కనే ఉన్నావు, అడగలేదు.” కళ్ళు తుడుచుకోబోతే మొహమంతా పిండి అయింది.

బయట ట్రక్కు ఆగిన చప్పుడు వినిపించింది. ఎమిల్ రోజూ కాస్త ఆలస్యంగా, ప్రెంటిస్ వచ్చిన రోజైతే ఆయన వెళ్ళాక, భోజనానికి వస్తాడట. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇద్దరికీ వడ్డిస్తోంది పెద్దావిడ. నేను ప్రెంటిస్ పళ్ళెం తీసి తొట్టిలో పడేశాను. ఆల్బినాకి చాలా చెప్పాలనుకున్నాను. ఏమీ తెలియనట్టు ఉండమని, నోరు జారవద్దని, అతను పైపు మూసేదాకా నవ్వుతూ ఉండమని. ఒక్కటీ చెప్పే వ్యవధి లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు. ఆవిడ మాత్రం, నేను చూడనట్టే ఉండాలని, గబగబా ఒక గుడ్డ తెచ్చి రొట్టెల మీద కప్పింది.

ఎమిల్ సగం మెట్ల మీద నన్ను చూసి ఆగాడు. తర్వాత నవ్వుతూ కిందికి దిగాడు.

“ఏంటి నడీన్, దారి తప్పావా?”

“నువ్వు దాచిన రహస్యం పట్టుకుందామని వచ్చాను” అన్నాను, పొయ్యి వైపు చెయ్యి చూపించి. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. “ఉంచావు కదూ, టేటా కోసం? చెబితే నేను కాదంటానా?”

అతని భుజాలు కిందికి దిగాయి. ఎలా చెప్పాలో తెలియలేదని, ఈవిణ్ణి చూస్తే చేతులు రాలేదని, ఏవేవో అన్నాడు. నేను ఇందాక అతని తరఫున అనుకున్న మాటలే అన్నీ. నా ఎదురుగా కూర్చుని పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. ఆల్బినా సూపు పోసింది. రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి.

“శుక్రవారం సంగతి నేను వదిలేశాను ఎమిల్” అన్నాను. “ఇక సంతకం పడదు. అమ్మాయి దగ్గరికి పోతాను టొలీడోకి, ఏం చేస్తాం.”

చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది. “అయ్యో” అన్నాడు. కళ్ళల్లో అయ్యో లేదు.

“ఒక్క పని మాత్రం చేసిపెట్టు. తిన్నాక ఆ పైపుకి ఒక మూత బిగించు. పొద్దుటినుంచి గ్యాసు వాసన వస్తోంది. పెద్దావిడ ఒంటరిగా వండుకునే చోటు, ఏమన్నా అయితే ప్లంబరు పేరు నీదే ఉంటుంది.”

ఎమిల్ తల పైకెత్తి రెండుసార్లు గాలి పీల్చాడు. అతని ముక్కు మంచి ముక్కు, అన్నేళ్ళ పని అది. మెల్లగా నా వైపు తిరిగాడు.

“నాకేం రావడం లేదే” అన్నాడు.

ఆ పైపు మూస్తే మళ్ళీ తెరవరు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆల్బినా పొయ్యి ముందు నిలబడి ఉంది, రెండు చేతులూ దాని అంచు మీద పెట్టి.

“నాకొస్తోంది” అంది. “మూసెయ్ నాయనా.”

ఎమిల్ చెంచా కింద పెట్టాడు. ముందు ఆవిడ మొహంలోకి, ఆ తర్వాత బల్ల మీద కప్పిన గుడ్డ వైపు, చివరికి నా మొహంలోకి చూశాడు.